ఇటలీ తీరం వెంట పది రోజుల డ్రైవింగ్: బండి నడపడం తేలిక, ఆపడమే కష్టం

కుడివైపు నడపడం మూడో రోజుకే అలవాటైంది. బండి ఎక్కడ ఆపాలో, ఎక్కడికి వెళ్లకూడదో మాత్రం చివరి రోజు దాకా నేర్చుకుంటూనే ఉన్నాం. ఆ నేర్చుకోవడానికి కట్టిన ఫీజు వివరం చివర్లో చెబుతాను.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, మా బావమరిది. 2024 సెప్టెంబరు 12 నుంచి 23 దాకా. మిలాన్ మల్పెన్సా ఎయిర్‌పోర్టులో కారు తీసుకుని జెనోవా, అక్కణ్ణుంచి తీరం పట్టుకుని ఫ్రాన్సులోని నీస్, మళ్లీ వెనక్కి వచ్చి రెక్కో, లెవాంతో, లుక్కా, పీసా, ఫ్లోరెన్స్, బొలోన్యా, తిరిగి మల్పెన్సా. మీటరు మీద 1,300 కిలోమీటర్ల చిల్లర తిరిగింది.

వీసా పని జులై మొదటి వారంలో మొదలుపెట్టాం. ఆ ఏడాది జూన్ 11 నుంచి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) ఫీజు 80 యూరోల నుంచి 90కి పెరిగింది. ఆరేళ్లు నిండాయి కాబట్టి పాపకు సగం, 45. సెంటరు సర్వీసు ఛార్జీలు విడి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మాకు ఇటలీలో 9 రాత్రులు, ఫ్రాన్సులో 2. కాబట్టి ఇటలీ. కారు ట్రిప్పుకి రైలు టికెట్ల లాంటివి చూపించడానికి ఉండవు. ఉచితంగా రద్దు చేసుకునే కారు బుకింగ్, ప్రతి రాత్రికీ హోటలు, ఏ రోజు ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లో రాసిన ఒక పేజీ జతచేశాం. అదనంగా ఏమీ అడగలేదు. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టులు 13 పనిదినాల్లో చేతికొచ్చాయి. టికెట్లు ముందే కొనేసినవాళ్లకు ఆ 13 రోజులూ నిద్ర సరిగా పట్టదు, అది మాత్రం రాసి పెట్టుకోండి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఏలోనే ఇస్తారు. స్లాట్ బుక్ చేసుకుని, ఫారం 4ఏ, లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటోలు పట్టుకెళ్లాలి. ఫీజు వెయ్యి రూపాయలు, పైన సర్వీసు ఛార్జీ. ఏడాది చెల్లుతుంది. రూల్ ప్రకారం వీసా చూపించనక్కర్లేదు కానీ మమ్మల్ని వీసా కాపీ అడిగారు, అప్పటికి పాస్‌పోర్టు మా దగ్గర లేదు. ఒక ట్రిప్పు వృథా. వీసా వచ్చాక వెళ్లడమే నయం. పర్మిట్ ఒక్కటే పట్టుకెళ్తే చాలదు, అసలు లైసెన్సు కార్డు కూడా ఉండాలి. కారు కౌంటర్లో రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

కారు బుక్ చేసేటప్పుడు గేర్ల బండికి పది రోజులకు 540 యూరోలు, ఆటోమేటిక్‌కు 760 చూపించింది. ఎటూ గేర్ల బండే నడుపుతాం కదా అని మొదటిది తీసుకున్నాం. ఇప్పుడైతే మొదటి రెండు రోజుల టెన్షన్ తగ్గించుకోవడానికి ఆ 220 యూరోలు ఇచ్చేసేవాణ్ణి. రోజు లెక్క 24 గంటలది. పదకొండున్నరకు తీసుకుంటే పదకొండున్నరకే ఇవ్వాలి, ఎక్కువ ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె. రెండో డ్రైవరు పేరు చేర్చడానికి రోజుకు కొంత, పిల్లల సీటుకి రోజుకు కొంత విడిగా వేస్తారు. ఇటలీలో మీటరున్నర ఎత్తు లేని పిల్లలకి సీటు గానీ బూస్టర్ (ఎత్తు పెంచే చిన్న సీటు) గానీ తప్పనిసరి. కౌంటర్ అద్దెతో పోలిస్తే మన దగ్గర బూస్టర్ కొని పెట్టెలో వేసుకుపోవడమే చవక.

కౌంటర్లో అసలు కథ డిపాజిట్‌ది. కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల పేరున్న క్రెడిట్ కార్డే కావాలి. ఎంతో జాగ్రత్తగా డబ్బులు వేసుకెళ్లిన ఫారెక్స్ కార్డు ప్రీపెయిడ్ కాబట్టి ఒప్పుకోలేదు. బావమరిది కార్డూ పనికిరాదు, బుకింగ్ నా పేరు మీద ఉంది. నా క్రెడిట్ కార్డులో అంతర్జాతీయ వాడకం లిమిట్ తక్కువ పెట్టి ఉంది. అక్కడే నిలబడి యాప్ తెరిచి పెంచుకున్నాను. ఎయిర్‌పోర్టు వైఫై పుణ్యం. 1,200 యూరోలు బ్లాక్ చేశారు. ఫుల్ కవర్ తీసుకుంటే బ్లాక్ తగ్గుతుందని, రోజుకు 25 యూరోలేనని మూడుసార్లు అడిగారు. మేం ఇక్కడే విడిగా ఎక్సెస్ ఇన్సూరెన్సు (బండికి దెబ్బ తగిలితే మన వాటాగా కట్టాల్సిన డబ్బు తిరిగిచ్చేది) తీసుకున్నాం కాబట్టి వద్దన్నాం. అలా వద్దంటే డిపాజిట్ మొత్తం బ్లాక్ అవుతుందని ముందే లెక్కేసుకోండి.

12న మధ్యాహ్నం దిగినా కారు 13న ఉదయమే తీసుకున్నాం. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి, జీవితంలో మొదటిసారి ఎడమ స్టీరింగ్ పట్టుకోవడం మంచిది కాదని. ఆ ఒక్క నిర్ణయం మాత్రం నూటికి నూరు మార్కులు. బండి తీసుకున్నాక పావుగంట వీడియో తీశాం: నాలుగు వైపులా, చక్రాల రిమ్ములు, ముందు అద్దం, పైకప్పు, పెట్రోలు ముల్లు, మీటరు. కాగితం మీద లేని గీతలు రెండు కనిపిస్తే మనిషిని పిలిచి రాయించాం. డిక్కీలో ట్రయాంగిల్, రిఫ్లెక్టరు జాకెట్ ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి. మాకు ఫియట్ టిపో ఇచ్చారు. మూడు పెద్ద పెట్టెల్లో రెండే డిక్కీలో పట్టాయి, మూడోది పది రోజులూ వెనక సీటులో పాప పక్కన కూర్చుంది. బయటికి పెట్టె కనిపించే బండిని హైవే పక్క ఆగేచోట వదిలి నలుగురం ఒకేసారి వెళ్లే వీల్లేదు, అద్దం పగలగొట్టి పట్టుకుపోతారు. నలుగురికి రెండు పెట్టెలు, రెండు బ్యాగులు, అంతే.

మొదటి అరగంట గురించి. మారుతీ, హ్యుందాయ్ లాంటివి నడిపే చేతికి ఇండికేటరు కుడివైపు కొమ్మ. అక్కడ అది ఎడమవైపు. దాంతో మలుపు తిరిగిన ప్రతిసారీ పొడి అద్దం మీద వైపర్లు కిర్రుమంటూ ఆడాయి. గేరు కోసం ఎడమచెయ్యి తలుపుకి కొట్టుకుంటుంది. బండి తెలియకుండానే లేనులో కుడివైపుకి జరిగిపోతుంది, ఎందుకంటే మన ఒళ్లు కారులో కుడివైపు కూర్చోవడానికి అలవాటుపడింది. పక్కన కూర్చున్న మనిషి 'ఎడమకి, ఎడమకి' అంటూ ఉండాలి. మా బావమరిది ఉద్యోగం అదే. రౌండ్అబౌట్‌లో ఎడమనుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి, లోపల ఉన్నవాళ్లదే హక్కు. హైవే మీద ఎడమ లేను ఓవర్‌టేక్‌కి మాత్రమే. దాటేశాక కుడికి వచ్చేయకపోతే వెనకవాడు మీ డిక్కీకి ఆనుకుని వస్తాడు. పగలు కూడా ఊరి బయట లైట్లు వేసుకోవాలి. హైవే మీద 130, వాన పడితే 110, ఊళ్లో 50. కొన్ని చోట్ల కెమెరాలు రెండు చోట్ల మధ్య సగటు వేగం లెక్కేస్తాయి కాబట్టి కెమెరా దగ్గర బ్రేకు తొక్కితే ఉపయోగం లేదు.

మల్పెన్సా నుంచి జెనోవాకు మిలాన్ ఊళ్లోకి దిగకుండానే ఏ26 హైవే మీదుగా వెళ్లిపోవచ్చు, 180 కిలోమీటర్లు. టోల్ గేటులో ఎర్ర బటన్ నొక్కితే టికెట్ వస్తుంది, దిగేచోట దాన్ని మిషన్లో పెట్టి డబ్బు కట్టాలి. టికెట్ పోగొట్టుకుంటే అన్నిటికన్నా దూరపు గేటు నుంచి వచ్చినట్టు లెక్కేస్తారు. పసుపు రంగు బోర్డున్న వరస టెలిపాస్‌ది, అంటే మన ఫాస్టాగ్ లాంటిది. అద్దె కారుకి అది మామూలుగా ఉండదు. చేతిలో నాణేల బొమ్మ ఉన్నది నగదుకి, కార్డుల బొమ్మ ఉన్నది కార్డుకి. రెండో రోజు పొరపాటున పసుపు వరసలోకి దూరాం. అలాంటప్పుడు వెనక్కి తీయకూడదు, అది పెద్ద నేరం అక్కడ. సహాయం బటన్ నొక్కి ఆగితే ఒక చీటీ వస్తుంది, గేటు లేస్తుంది. ఆ చీటీ మీద డబ్బు 15 రోజుల్లో ఆన్‌లైన్‌లో కట్టేస్తే అయిపోయింది. మేం అదే రాత్రి కట్టేశాం. వెనక ఆరు బండ్లు హారన్ కొట్టిన ఆ రెండు నిమిషాలే కష్టం. డబ్బు కట్టాక మిషన్ ఆడగొంతుతో 'అరివెదెర్చి' అంటుంది. పాప ట్రిప్పంతా ప్రతి గేటు దగ్గరా దానికి జవాబు చెప్పింది.

జెనోవా ఊళ్లోకి దిగే ముందు సాన్ జోర్జో వంతెన వస్తుంది. 2018 ఆగస్టు 14న కూలి 43 మందిని బలిగొన్న మొరాందీ వంతెన ఉన్న చోటే ఇది, రెండేళ్లలో కట్టి 2020 ఆగస్టులో తెరిచారు. దాటడానికి నిమిషం పట్టదు. బండిలో ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఊళ్లో పార్కింగ్ ముందే చూసుకోకుండా వెళ్లకండి. పాత ఊరి సందుల్లో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవడమే కష్టం. మేం స్టేషన్ దగ్గర గ్యారేజీలో రోజుకు 28 యూరోలు పెట్టాం. ర్యాంపు ఎంత ఇరుకంటే అద్దాలు మడిచి దిగాం. రాత్రి తిండి ఫరినాతా: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చింది. మన శనగపిండి అట్టుకు దూరపు చుట్టం, కారం ఒక్కటే తక్కువ. మాంసం తిననివాళ్లకు ఆ తీరమంతా ఇదే దిక్కు. నీస్‌లో దీన్నే సొక్కా అంటారు.

14న జెనోవా నుంచి నీస్‌కి ఏ10 మీద 195 కిలోమీటర్లు. మ్యాపు రెండున్నర గంటలంది, మాకు నాలుగు పట్టింది. ఆ రోడ్డు సొరంగం, వంతెన, సొరంగం, వంతెన, అంతే. మరమ్మతుల కోసం ఒక లేను మూసేసి ఎదుటి వైపుకి మళ్లిస్తుంటారు. చీకటి సొరంగంలోంచి సముద్రం మీది ఎండలోకి వచ్చిన ప్రతిసారీ కళ్లు చెదురుతాయి, అయినా డ్రైవరుకి నల్లద్దాలు అక్కరకు రావు, పెట్టుకుంటే సొరంగంలో ఏమీ కనబడదు. నేను ఒకసారి అలాగే దూరాను. ఫ్రాన్సులోకి అడుగుపెట్టగానే పోలీసులు బండ్లు ఆపి చూస్తుంటారు. షెంగెన్ అయినా సరే, ఆ సరిహద్దులో 2015 చివరి నుంచి తనిఖీలున్నాయి. పాస్‌పోర్టులు పెట్టె అడుగున కాక చేతికందే చోట ఉండాలి. మమ్మల్ని మూడు నిమిషాల్లో వదిలారు.

పెట్రోలు గురించి ఒక మాట, ఎందుకంటే అక్కడ దాదాపు ఇంజను పోగొట్టుకున్నాం. ఇటలీలో బెంజీనా అంటే పెట్రోలు, గసోలియో అంటే డీజిలు. అమెరికాలో కొన్నాళ్లున్న బావమరిది గసోలియో చూసి గ్యాసొలీన్ అనుకుని నల్ల గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. ట్యాంకు మూత వెనక గుండ్రంలో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోలు, చతురస్రంలో బీ7 ఉంటే డీజిలు. పంపు మీదా అవే గుర్తులుంటాయి, అవి కలిస్తేనే పట్టాలి. ఫ్రాన్సులో ఎస్సాన్స్ పెట్రోలు, గజోల్ డీజిలు. ఇంకోటి, ఒకే బంకులో రెండు ధరలుంటాయి: మనం పట్టుకుంటే ఒకటి, వాళ్లు పడితే లీటరుకి పావు యూరో దాకా ఎక్కువ. 'సెర్వీతో' అని రాసిన వరసలో ఆపితే ఎక్కువ ధరే. మధ్యాహ్నం, ఆదివారం బంకులో మనిషి ఉండడు, మిషన్లో ముందే నోటు పెట్టాలి, అది చిల్లర ఇవ్వదు. 50 నోటు పెట్టి 38 యూరోల పెట్రోలు పట్టుకుంటే మిగతా దానికి చీటీ వస్తుంది, మనిషి ఉన్నప్పుడు మళ్లీ ఆ బంకుకే వెళ్లి తీసుకోవాలి. మేం పోనూ లేదు, తీసుకోనూ లేదు. కార్డు పెడితే వంద యూరోలు బ్లాక్ చేసి తర్వాత అసలు మొత్తం తీసుకుంటుంది. ఫారెక్స్ కార్డుతో అలా చేస్తే ఆ వంద వారం దాకా ఇరుక్కుపోయింది.

నీస్‌లో రెండు రాత్రులూ బండి భూగర్భ పార్కింగ్‌లోనే. ట్రామ్ టికెట్ అప్పట్లో 1.70 యూరోలు, అన్నిచోట్లకీ వెళ్తుంది. బీచ్‌లో ఇసుక ఉండదు, కోడిగుడ్లంత గుండ్రాళ్లు. చెప్పులతోనే నీళ్లలోకి దిగాలి. వైజాగ్ బీచ్ ఊహించుకుని బకెట్టు, పార పట్టుకొచ్చిన పాప మొహం చూడాలి. తిరిగొచ్చేటప్పుడు హైవే వదిలి తీరం పక్కన కిందిరోడ్డు, బస్ కార్నీష్ అంటారు, పట్టుకుని విల్‌ఫ్రాన్ష్, మొనాకో, మాంతోన్ మీదుగా వచ్చాం. 30 కిలోమీటర్ల చిల్లరకి గంటా ముప్పావు. టోల్ ఉండదు, ట్రిప్పు మొత్తంలో కళ్లకు పండగైన రోడ్డు ఇదే, కానీ నడిపేవాడికి మాత్రం చూసే తీరిక ఉండదు. బోర్డు ఏదీ లేని కూడలిలో కుడినుంచి వచ్చేవాడికి దారివ్వాలి. చిన్న సందులోంచి స్కూటర్ అయినా సరే.

దారిలో కమోలి అనే ఊరు చూడాలంటే బండి రెక్కోలో పెట్టి రైలెక్కండి, ఒకటే స్టేషను. కమోలిలో చోటు దొరకడం లాటరీ. రెక్కోలో జున్ను (చీజ్) ఫొకాచా తిని వెళ్లాలి. పల్చటి పిండి రెండు పొరల మధ్య కరిగిన జున్ను, వేడిగా ఉన్నప్పుడే.

16 సాయంత్రం లెవాంతో చేరాం, మూడు రాత్రులు. చింక్వే తెర్రె అనే ఐదు తీరపు ఊళ్లకీ కారేసుకుని వెళ్లేవాళ్లు కొందరున్నారు. కొండ మీద ఘాట్ రోడ్డు దిగి, ఊరి బయట నిండిపోయిన పార్కింగ్ చూసి మళ్లీ ఎక్కుతారు. బండి లెవాంతోలో గానీ లా స్పెజియాలో గానీ వదిలేయాలి. లెవాంతో నుంచి ఆ ఐదింటిలో మొదటిదైన మొంతెరోస్సోకి రైల్లో ఐదు నిమిషాలు. టికెట్ ధర రోజు రద్దీని బట్టి మారుతుంది, 2024లో ఒక్కసారి ప్రయాణానికి 5 నుంచి 10 యూరోలు. రెండుమూడు ఊళ్లు దిగి ఎక్కాలనుకుంటే రోజంతా చెల్లే రైలు కార్డే లాభం. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ప్లాట్‌ఫాం మీద సికింద్రాబాద్ పండగ రద్దీ. పొద్దున ఎనిమిదిలోపు వెర్నాజ్జాలో దిగితే ఊరు మీదే. కొర్నీల్యా స్టేషన్ కింద, ఊరు పైన, మధ్యలో 382 మెట్లు. కాళ్లనొప్పులవాళ్లు స్టేషన్ నుంచి చిన్న బస్సెక్కవచ్చు. రియోమజ్జోరె, మనరోలా మధ్య సముద్రం అంచున ఉన్న 'ప్రేమ బాట' 2012లో కొండరాళ్లు విరిగిపడి మూతపడింది. మేం వెళ్లడానికి నెల ముందే, 2024 ఆగస్టులో, పర్యాటకులకు మళ్లీ తెరిచారు. కానీ ముందుగా టైము బుక్ చేసుకోవాలి, ఫీజు వేరే. ఆ సంగతి గేటు దగ్గర తెలిసింది. ఆ సాయంత్రం లెవాంతో నుంచి బొనస్సోలాకి పాత రైలు సొరంగాల్లోంచి వేసిన సైకిల్ దారిలో నడిచాం. పైసా ఖర్చులేదు, ఎండలేదు. పాపకి ఐదు ఊళ్లకన్నా అదే నచ్చింది.

లెవాంతోలో పార్కింగ్ గీతల రంగులు పూర్తిగా అర్థమయ్యాయి. తెల్లగీత ఉచితం, నీలిగీత డబ్బు కట్టాలి, పసుపుగీత స్థానికులకో, వికలాంగులకో, సామాను దించేవాళ్లకో. తెల్లగీతైనా పక్కనున్న బోర్డు చదవాలి. కొన్ని చోట్ల గంట మాత్రమే అని ఉంటుంది, అప్పుడు అద్దం మీద అట్ట గడియారం పెట్టి వచ్చిన టైము చూపించాలి. వీధి ఊడ్చే రోజు రాసి ఉంటే ఆ రాత్రి బండి అక్కడ ఉంచకూడదు, లాగేస్తారు. చీపురు, బండి, కొక్కెం బొమ్మలు కనిపిస్తే ఫోను తీసి అనువాదం చేసుకోండి.

19న లుక్కా. ఇక్కడే దెబ్బ తిన్నాం. ఇటలీలో చాలా పాత ఊళ్లకి జెడ్‌టీఎల్ ఉంటుంది. అనుమతి లేని బండ్లు రాకూడని చోటు. గేటు ఉండదు, పోలీసు ఉండడు. తెల్లటి గుండ్రంలో ఎర్ర అంచు, పైన ఒక కెమెరా. దాటితే నంబరు ఫొటో తీసుకుంటుంది, ఆ క్షణాన ఏమీ జరగదు. పెద్ద ఊళ్లలో లైటు బోర్డు మీద 'వర్కో అత్తీవో' అని వస్తుంది. అత్తీవో అంటే యాక్టివ్, అంటే దారి తెరిచి ఉందనుకుంటాం. కాదు, కెమెరా పనిచేస్తోందని, వెళ్లొద్దని. 'నోన్ అత్తీవో' అంటేనే వెళ్లొచ్చు. మేం దిగిన చోటు కోట గోడల లోపల. నంబరు పంపితే సామాను దించుకోవడానికి అనుమతి రాయిస్తామన్నారు. మేం పంపాం. వాళ్ల జవాబు వచ్చేదాకా ఆగకుండా మ్యాపు చూపించిన దారిలో లోపలికి వెళ్లిపోయాం. పది నిమిషాలు. సామాను దించాక ఫోను చూసుకుంటే 'ఫలానా ద్వారం నుంచి మాత్రమే రండి, మేం చెప్పాక రండి' అని మెసేజు. కడుపులో దేవినట్టయింది. ఓనరు భుజాలు ఎగరేసింది, అంతే. బయట పార్కింగ్‌లో పెట్టి చక్రాల పెట్టెలు లాక్కుంటూ పన్నెండు నిమిషాలు నడిస్తే సరిపోయేది. సాయంత్రం గోడల మీద నాలుగు కిలోమీటర్ల చుట్టూ సైకిళ్లు తొక్కాం గానీ నా లెక్కలు మాత్రం జరిమానా మీదే.

పీసా దాటుకుంటూ పోయాం. ఊరి అంచున పార్కింగ్, అక్కణ్ణుంచి టవరుకి కిలోమీటరు నడక. ఎక్కడానికి టికెట్ పెద్దవాళ్లకి 20 యూరోలు, ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని ఎక్కనివ్వరని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మా ఆవిడ, పాప కింద గడ్డిలో కూర్చున్నారు, ఆవిడ టికెట్ డబ్బులు తిరిగి రాలేదు.

పీసా నుంచి ఫ్లోరెన్స్‌కి ఫి-పి-లి అనే రోడ్డు ఉచితం. గతుకులు, పక్కన ఆగడానికి చోటుండదు, ఎక్కే దారులు మరీ పొట్టి. 90 దాటితే కెమెరా. ఫ్లోరెన్స్ విషయంలో మాత్రం ముందే చదువుకుని వెళ్లాం, ట్రిప్పు మొత్తంలో మేం చేసిన తెలివైన పని అదొక్కటే. ఏ1 హైవే మీద విల్లా కోస్తాంజా అనే పార్కింగ్ ఉంది. హైవే దిగక్కర్లేదు, టోల్ గేటు దాటక్కర్లేదు. బండి పెట్టి అటువైపు నడిస్తే ట్రామ్ స్టేషన్. ఊరి నడిబొడ్డున సాంతా మరియా నొవెల్లాకి ఇరవై నిమిషాల చిల్లర, టికెట్ అప్పట్లో 1.70 యూరోలు. టోల్ టికెట్ బండిలోనే భద్రంగా ఉంచుకోవాలి, దిగేచోట కావాలి కదా. రెండు రాత్రులకి సరిపడా ఒక బ్యాగు తీసుకుని మిగతాది డిక్కీలో కనిపించకుండా పెట్టాం. పెట్టెల్లో ఒకటి వెనక సీటులో ఉంటుందన్నాను కదా, దాన్ని మాత్రం ట్రామ్‌లో మోసుకెళ్లాం.

ఇటలీ హోటళ్లలో సిటీ టాక్స్ మనిషికి, రాత్రికి ఇంతని వేరేగా కట్టించుకుంటారు. చిన్నపిల్లలకి మామూలుగా ఉండదు. కొందరు నగదే అడుగుతారు. హోటల్లో కూర్చుని తింటే కొపెర్తో అని మనిషికి రెండు మూడు యూరోలు, అది మోసం కాదు, అక్కడి పద్ధతి. రెండున్నర దాటాక వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. ఆరేళ్ల పిల్లతో వెళ్లేవాళ్లు పులిహోర పేస్టు, కరెంటు కుక్కర్ ఊరికే పట్టుకుపోరు.

22న బొలోన్యా. ఆ ఏడాది జనవరి నుంచి ఊళ్లో చాలా వీధుల్లో వేగం 30కి తగ్గించారు. ఊరి బయట దిగి బస్సులో వెళ్లొచ్చాం. 23 ఉదయం ఏడింటికి బయలుదేరాం, సోమవారం అని మర్చిపోయి. మిలాన్ చుట్టురోడ్డు మీద లారీల వెనక గంట. ఎయిర్‌పోర్టు దగ్గర బంకులో ట్యాంకు నింపి, రసీదు తీసుకుని, పదకొండు ఇరవైకి తాళాలిచ్చాం. గడువుకి పది నిమిషాలు. మళ్లీ వీడియో తీశాం, మనిషి చూసి సరే అన్నాడు, ఆ 'సరే' కాగితం మీద రాయించుకున్నాం.

ఖర్చు లెక్క: కారు 540, రెండో డ్రైవరుకి 80, పెట్రోలు దాదాపు 140, టోళ్లు 95 దాకా, పార్కింగులు 150. అన్నీ కలిపి వెయ్యి యూరోలు దాటింది, అప్పటి రేటులో లక్షకి కాస్త తక్కువ. కార్డు మిషన్ 'రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా' అని అడిగితే ఎప్పుడూ యూరోలే. రూపాయలంటే రేటులో కోత వేస్తుంది. డిపాజిట్ బ్లాక్ 18వ రోజున విడుదలైంది.

నవంబరు 20న కార్డు నుంచి 45 యూరోలు పోయాయి. కారు కంపెనీ మెయిలు: మీ వివరాలు లుక్కా పోలీసులకి ఇచ్చినందుకు మా ఛార్జీ. ఇది జరిమానా కాదు, జరిమానా తర్వాత వస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి నోటీసు పంపడానికి వాళ్లకి 360 రోజుల గడువుంది. ఫిబ్రవరి రెండో వారంలో రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది, రోజు, గంట, నిమిషంతో సహా. అందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గింపు. మేం ఆ వారం ఊళ్లో లేం, కవరు పక్కింటి ఆంటీ సంతకం పెట్టి తీసుకుంది. ఆరో రోజున చూశాం. పూర్తి మొత్తం, పోస్టు ఖర్చులతో కలిపి వంద యూరోల చిల్లర.

అది కట్టేసి రసీదు వీసా ఫైల్లో పెట్టాను. లోపలికి వెళ్లేటప్పుడొకటి, బయటికి వచ్చేటప్పుడొకటి, రెండు కెమెరాలు చూశానని మా బావమరిది అన్నాడు. అప్పటికి ఆ 360 రోజులు ఇంకా నిండలేదు.